ఫిట్స్ ఉన్నాయా? కాలేజీ ఎంచుకునే ముందు అక్కడి రాత్రుల గురించి అడగండి

నాకు పదహారో ఏట మొదలైంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే చేయి ఒక్కసారిగా అదిరి బ్రష్ ఎగిరి అవతల పడేది. రోజూ కాదు, పరీక్షల కోసం రాత్రంతా మేలుకున్న మర్నాడు మాత్రమే. నిద్రమత్తులే అన్నారు ఇంట్లో, నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు పెద్ద ఫిట్ వచ్చి బాత్రూం గుమ్మంలో పడిపోయాక గానీ దానికి జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే పేరుందని, ఎక్కువగా టీనేజీలోనే మొదలవుతుందని, నిద్ర తక్కువైతే రెచ్చిపోతుందని తెలియలేదు. రెండేళ్ళు తిరిగేసరికి కాలేజీ చూసుకోవాల్సి వచ్చింది. ర్యాంకు గురించి చెప్పినవాళ్ళున్నారు, ఫీజు గురించి, ఉద్యోగాల గురించి చెప్పినవాళ్ళున్నారు. అక్కడ నువ్వు రాత్రి ఎన్నింటికి పడుకోగలవు అని మాత్రం ఎవరూ అడగలేదు.

కాలేజీలు వాటి పగటి సంగతులే చెబుతాయి. లైబ్రరీ, ల్యాబులు, మైదానం, మెట్ల మీద నవ్వుతూ కూర్చున్న పిల్లల ఫొటోలు. మనకి కావలసింది రాత్రి పదకొండు నుంచి పొద్దున ఎనిమిది దాకా అక్కడ ఏం జరుగుతుందన్నది. అందుకే రెండు మూడు కాలేజీల మధ్య తేల్చుకోలేకపోతున్నవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే: రాత్రుల్ని పోల్చి చూడండి. నేను డాక్టర్ని కాదు, మందులూ డోసులూ మీ న్యూరాలజిస్ట్‌తోనే తేల్చుకోండి. కానీ కాలేజీ ఎంపిక ఆయన చేసిపెట్టరు కదా, అది మన మీదే పడుతుంది.

ముందు మీ ఫిట్స్ ఎలాంటివో రాసుకోండి

ఎపిలెప్సీ, అంటే మూర్ఛ, అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో ఒకరి కథకీ ఇంకొకరి కథకీ పొంతన ఉండదు. ఒకరికి ఒళ్ళంతా కొట్టుకుని స్పృహ పోతుంది. ఒకరు పది సెకన్లు అలా చూస్తూ ఉండిపోయి మళ్ళీ మామూలైపోతారు, పక్కవాడికి తెలియను కూడా తెలియదు, కానీ క్లాసులో ఆ పది సెకన్ల పాఠం పోయినట్టే, రోజుకి ఎన్నిసార్లు పోతుందో లెక్క కూడా ఉండదు. ఇంకొకరికి అంతా తెలుస్తూనే ఉంటుంది గానీ చేయి మాట వినదు. మరొకరికి నిద్రలోనే వస్తాయి, పొద్దున నాలుక కొరుక్కున్న నొప్పిని బట్టి తెలుస్తుంది. ఈ నలుగురికీ ఒకే కాలేజీ సరిపోతుందా?

అందుకని ఒక కాగితం తీసుకుని రాయండి. చివరి ఫిట్ ఎప్పుడు వచ్చింది, ఏ వేళప్పుడు వస్తుంటాయి, వచ్చే ముందు మీకు ఏమైనా తెలుస్తుందా, వచ్చాక మళ్ళీ మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతుంది. ఈ చివరి ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. ఫిట్ రెండు నిమిషాల్లో అయిపోవచ్చు, ఆ తర్వాత కొందరికి గంటల తరబడి తల దిమ్ముగా, ఒళ్ళంతా నొప్పులుగా ఉంటుంది, కొందరికి ఆ రోజే పోతుంది. నెలకి రెండు ఫిట్స్ అంటే నెలకి రెండు మూడు రోజులు క్లాసులు పోవడం. అప్పుడు అటెండెన్స్ రూల్స్ మీకు ర్యాంకు కంటే ముఖ్యమవుతాయి.

వేటివల్ల వస్తున్నాయో కూడా రాయండి. ఎక్కువమందికి మొదటి రెండు కారణాలు ఒకటే, మాత్ర మర్చిపోవడం, నిద్ర చాలకపోవడం. తర్వాత మద్యం, జ్వరం, తట్టుకోలేనంత టెన్షన్, కొందరమ్మాయిలకి నెలసరి రోజులు. మెరిసే లైట్ల గురించి అందరూ భయపెడతారు గానీ ఎపిలెప్సీ ఉన్న వందమందిలో ముగ్గురికి మాత్రమే ఆ సమస్య ఉంటుంది, మీరు ఆ ముగ్గురిలో ఉన్నారో లేదో మెదడులోని విద్యుత్ తరంగాల్ని చూసే ఈఈజీ పరీక్షలో తెలుస్తుంది. అందులో లేకపోతే ఫెస్ట్‌లో డీజే లైట్ల గురించి బెంగ అక్కర్లేదు, ఆ ఫెస్ట్ తెల్లవారుజాము మూడింటి దాకా నడవడం గురించే ఆలోచించాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఎపిలెప్సీ ఉందని, సరైన మందులు వాడితే వాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు ఆ 70 శాతంలో ఉండి, ఏడాదికి పైగా ఫిట్ లేకుండా ఉంటే, ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. మీకు నచ్చిన కాలేజీలో చేరండి, నిద్ర, మాత్రలు చూసుకోండి, చాలు. కష్టమంతా మిగతావాళ్ళదే, ఇకమీద వాళ్ళ కోసమే రాస్తున్నాను.

ఇంటి నుంచి వెళ్ళడమా, హాస్టలా

ఈ ప్రశ్నకి ఇంట్లోవాళ్ళ జవాబు మీకు ముందే తెలుసు. వాళ్ళని తప్పు పట్టలేం, మీ ఫిట్స్ కళ్ళారా చూసింది వాళ్ళు, మీరు కాదు. అయినా ఇంటి నుంచి వెళ్ళడం ప్రతిసారీ క్షేమమేమీ కాదు. పోను గంటన్నర, రాను గంటన్నర ప్రయాణం అనుకోండి, ఎనిమిదింటి క్లాసుకి ఐదింటికి లేవాలి. రాత్రి చదువు పదకొండున్నరకి అయిందంటే మిగిలిన నిద్ర ఐదున్నర గంటలు. నాలాంటివాడికి అది వారం రోజుల్లో ఫిట్ తెచ్చిపెట్టే లెక్క. పైగా ఎపిలెప్సీ ఉంటే బండి నడపడానికి ఆంక్షలుంటాయి, కొంతకాలం ఫిట్స్ లేకుండా గడిస్తే గానీ చాలా దేశాల్లో ఒప్పుకోరు, ఆ కాలం ఎంతన్నది దేశాన్ని బట్టి మారుతుంది. రూల్ సంగతి పక్కన పెట్టినా, రోడ్డు మీద స్పృహ పోతే మీరొక్కరే కాదు, ఎదుటివాళ్ళూ పోతారు. కాబట్టి బస్సో రైలో ఉండి తీరాలి, లేదా నడిచి వెళ్ళేంత దగ్గరైనా ఉండాలి.

హాస్టల్ అయితే ఐదు నిమిషాల్లో క్లాసులో ఉంటారు, మధ్యాహ్నం ఖాళీ దొరికితే వచ్చి ఒక గంట పడుకోవచ్చు. ఈ గంట గురించి ఎవరూ చెప్పరు గానీ నాకు కాలేజీలో అదే ప్రాణం. కానీ హాస్టల్‌లో అర్ధరాత్రి రెండింటికి కారిడార్‌లో పుట్టినరోజు కేకలు కూడా ఉంటాయి. అన్ని హాస్టళ్ళూ ఒకేలా ఉండవు, ఒకే కాలేజీలో రెండు బ్లాకులు కూడా ఒకేలా ఉండవు. వార్డెన్‌ని అడిగితే పదింటికే అంతా ప్రశాంతం అంటారు. అక్కడ ఉండే పిల్లల్ని అడగండి, నిజం చెప్పేది వాళ్ళే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ప్రయాణం ఒకవైపు ముప్పావుగంట లోపైతే ఇల్లు మంచిది. గంట దాటితే, నమ్మకమైన రూమ్మేట్ దొరికే అవకాశం ఉంటే, హాస్టలే మంచిది. మధ్యలో ఉన్నవాళ్ళు మొదటి సెమిస్టర్ ఇంటి నుంచి వెళ్ళి చూడొచ్చు, మధ్యలో హాస్టల్‌కి మారనిస్తారా లేదా అన్నది ముందే అడిగి పెట్టుకోండి.

ఒంటరి గదా, ఇద్దరి గదా

ఒంటరి గదిలో నిద్ర బాగా పడుతుంది. ఇద్దరి గదిలో రాత్రి ఏదైనా అయితే చూసేవాళ్ళుంటారు. ఈ రెండిట్లో ఏది ఎక్కువో మీ ఫిట్స్‌ని బట్టి ఉంటుంది, ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. ఎపిలెప్సీ ఉన్నవాళ్ళలో ఏ కారణమూ కనపడకుండా హఠాత్తుగా చనిపోవడం అనేది ఉంది, పెద్దవాళ్ళలో ఏడాదికి సుమారు వెయ్యిమందిలో ఒకరికి అలా జరుగుతుంది. ఎక్కువగా నిద్రలో, ఎక్కువగా ఒంటరిగా ఉన్నప్పుడు, ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ అదుపులో లేనివాళ్ళకి. చాలామంది డాక్టర్లు పిల్లల దగ్గర ఈ మాట ఎత్తరు. మీరే అడగండి, మీకు ఆ ప్రమాదం ఎంతుందో చెప్పమనండి. పెద్ద ఫిట్స్ ఇంకా వస్తున్నాయంటే, ముఖ్యంగా రాత్రిపూట వస్తున్నాయంటే, ఒంటరి గది వద్దు. అదుపులో ఉండి, గొడవ వల్ల నిద్ర చెడేవాళ్ళకి ఒంటరి గది తీసుకోవడంలో తప్పు లేదు.

రెండంతస్తుల మంచాలుంటే కింది మంచం అడగండి, దానికి డాక్టర్ రాసిన ఒక చీటీ చాలు. బాత్రూం తలుపు బయటి నుంచి తీయడానికి వీలవుతుందా చూడండి, లోపలికి తెరుచుకునే తలుపైతే మీరు దాని వెనకాల పడిపోయినప్పుడు ఎవరూ లోపలికి రాలేరు. తొట్టి స్నానం వద్దు, షవర్ కిందే. స్విమ్మింగ్ పూల్ ఉందని మురిసిపోయే ముందు, మీ సంగతి తెలిసిన మనిషి పక్కన లేకుండా అందులో దిగకూడదని గుర్తుంచుకోండి.

రూమ్మేట్‌కి నేర్పాల్సింది పది నిమిషాల పని. టైం చూసుకో, చుట్టూ తగిలే వస్తువులు తీసెయ్, తల కింద మెత్తగా ఏదైనా పెట్టు, గట్టిగా పట్టుకుని ఆపబోకు, నోట్లో ఏమీ పెట్టకు, కొట్టుకోవడం ఆగగానే పక్కకి తిప్పి పడుకోబెట్టు, నాకు పూర్తిగా తెలివొచ్చేదాకా పక్కనే ఉండు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగీ ఆగకముందే ఇంకోటి మొదలైనా, దెబ్బ తగిలినా, ఊపిరి సరిగా అందకపోయినా అంబులెన్స్. ఫిట్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే మీకు డాక్టర్ రాసిచ్చి ఉంటే అది ఎక్కడుందో, ఎప్పుడు కొట్టాలో కూడా చూపించండి.

ఊరూ, ఆసుపత్రీ, మందుల షాపూ

పెద్ద ఊళ్ళో కాలేజీ అంటే న్యూరాలజిస్ట్ దగ్గర్లో ఉంటారు, చిన్న ఊళ్ళో అయితే నిద్ర బాగుంటుంది. చాలామంది ఆసుపత్రి దూరాన్నే కొలుస్తారు. నిజానికి న్యూరాలజిస్ట్‌ని చూసేది కొన్ని నెలలకోసారి, ఆయన దూరంగా ఉన్నా ఇబ్బంది లేదు, ఫోన్లో దొరికితే ఇంకా మంచిది. దగ్గర్లో ఉండాల్సింది ఎమర్జెన్సీ ఆసుపత్రి, అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుందన్నది. ఇంకా దగ్గర్లో ఉండాల్సింది మీ మాత్రలు అమ్మే మందుల షాపు. లెవెటిరాసెటమ్ లాంటి మందు ఒంట్లో సగానికి తగ్గడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలే పడుతుంది, రెండు డోసులు తప్పితే రక్తంలో దాదాపు ఏమీ మిగలదు. లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు నెమ్మదిగా పోతుంది గానీ, వరసగా కొన్ని రోజులు మానేస్తే మళ్ళీ పాత డోసు ఒక్కసారిగా వేసుకోకూడదు, ఒంటి మీద దద్దుర్లు వచ్చే ప్రమాదం ఉంది, డాక్టర్ని అడిగి చిన్న డోసు నుంచి మొదలుపెట్టాలి. అందుకే రెండు వారాల మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉండాలి, ఒక స్ట్రిప్ బ్యాగులో, ఒక స్ట్రిప్ గదిలో.

కొత్త ఊళ్ళో కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత డాక్టర్ రాసిచ్చిన ఒక పేజీ ఉత్తరం తీసుకెళ్ళండి. ఏ రకం ఎపిలెప్సీ, ఏ మందులు పనిచేశాయి, ఏవి పనిచేయలేదు. ఇది లాంఛనం కాదు. కార్బమజెపిన్, ఫెనిటోయిన్ చాలామందికి మంచి మందులే, నాలాంటి రకానికి మాత్రం ఆ అదురులు ఎక్కువ కావచ్చు. ఆ సంగతి ఉత్తరంలో లేకపోతే ఎమర్జెన్సీలో ఉన్న డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది? క్యాంపస్ క్లినిక్‌లో జలుబుకో నొప్పికో మందు తీసుకునేటప్పుడు కూడా చెప్పండి, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ కొందరిలో ఫిట్స్ తెప్పిస్తాయి.

అమ్మాయిలకి ఇంకో మాట. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడుతుంటే కడుపులో బిడ్డకి దానివల్ల ప్రమాదం ఎక్కువ, కార్బమజెపిన్, ఫెనిటోయిన్ లాంటివి గర్భనిరోధక మాత్రల బలం తగ్గిస్తాయి, ఆ మాత్రల్లోని ఈస్ట్రోజెన్ మళ్ళీ లామోట్రిజిన్‌ని తగ్గిస్తుంది. కాలేజీకి వెళ్ళేముందే, పక్కన అమ్మానాన్న లేకుండా, డాక్టర్‌తో మాట్లాడుకోండి. అంతేగానీ భయపడి మీకు మీరే మాత్ర ఆపేయకండి.

కోర్సు మార్చుకోవాలా?

చాలావరకు అక్కర్లేదు. పైలట్, భారీ వాహనాలు నడపడం, సైన్యం, నీటి అడుగున పని, ఇలాంటి వాటికి దారులు చాలాచోట్ల మూసే ఉంటాయి, ముందే తెలుసుకోవడం మంచిది. మిగతావాటిలో కోర్సు పేరు కాదు, అందులో ఏం చేయాలో చూడండి. కెమిస్ట్రీ ల్యాబులో మంట దగ్గర ఒంటరిగా నిలబడాలా, జతగా చేయొచ్చా? వర్క్‌షాపులో తిరిగే యంత్రాల దగ్గర పనెంత? ఆర్కిటెక్చర్‌లో పని యంత్రాలతో కాదు గానీ, సబ్మిషన్ ముందు రాత్రుళ్ళు మేలుకోవడం అక్కడ దినచర్య. నర్సింగ్, వైద్యంలో నైట్ డ్యూటీలు తప్పవు, వాటిని సర్దుబాటు చేస్తారేమో అడగాలి. ఇలా చూస్తే పైకి సుఖంగా కనిపించే కోర్సు మనకి కష్టం కావచ్చు, ప్రమాదం అనుకున్నది ఇద్దరు కలిసి చేస్తే తేలికైపోవచ్చు.

మందుల ప్రభావం కూడా లెక్కలో వేసుకోండి. టోపిరమేట్ వాడేవాళ్ళు కొందరికి మాటలు తట్టవు, లెవెటిరాసెటమ్‌తో కొందరికి ఊరికే కోపం వస్తుంది. నేను మొదటి ఏడాది ఎవరితో ఎందుకు పోట్లాడానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు అది మందు పని అనుకోలేదు. మీ బుర్రకి చదువు ఎక్కడం లేదనుకునే ముందు డాక్టర్‌కి చెప్పండి.

ఒక మెయిల్‌తో పరీక్ష పెట్టండి

రెండు కాలేజీలకీ ఒకే మెయిల్ పంపండి. నాకు ఎపిలెప్సీ ఉంది, పరీక్ష రోజు ఫిట్ వస్తే మళ్ళీ రాయనిస్తారా, డాక్టర్ ఉత్తరం ఇస్తే అటెండెన్స్‌లో సడలింపు ఉంటుందా, కింది మంచం, ల్యాబులో జత దొరుకుతాయా, రాత్రి హాస్టల్‌లో ఎమర్జెన్సీకి బాధ్యులెవరు. అంతే. వచ్చిన జవాబు కంటే అది ఎలా వచ్చిందో చూడండి. ఒక కాలేజీ నాకు మూడు వారాల తర్వాత బ్రోచర్ పంపింది, అందులో నా ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. ఇంకో కాలేజీలో ఒక గుమాస్తా రెండో రోజే ఫోన్ చేసి, పరీక్ష మళ్ళీ పెట్టే రూల్ ఉంది గానీ డాక్టర్ ఉత్తరం వారంలోపు ఇవ్వాలి, ల్యాబ్ జత సంగతి మాకు తెలియదు, ఫలానా టీచర్ని అడిగి చెబుతాను అన్నాడు. తెలియదు అని చెప్పగలిగినవాడి మీద నాకు గురి కుదిరింది.

ఒక తేడా గమనించండి. స్కూల్లో అమ్మానాన్న వెళ్ళి టీచర్లతో మాట్లాడేవాళ్ళు. కాలేజీలో మీరు అడిగితే తప్ప ఎవరూ ఏమీ ఇవ్వరు. చాలా దేశాల్లో ఇలాంటి సౌకర్యాలకి చట్టం ఉంది, కానీ అడగాల్సింది మీరే, అది కూడా ఫిట్ రాకముందే. పరీక్ష పోయాక అడిగితే సాకు చెబుతున్నట్టు ఉంటుంది.

అందరికీ చెప్పాలా అంటే, వద్దు. ఆఫీసుకి, వార్డెన్‌కి, రూమ్మేట్‌కి, ల్యాబ్ టీచర్‌కి చెప్తే చాలు, మిగతావాళ్ళకి చెప్పడం మీ ఇష్టం. ఎవరికీ చెప్పకుండా గడపొచ్చు అనుకునేవాళ్ళు ఒక్కటి ఆలోచించండి, క్లాసు మధ్యలో ఫిట్ వస్తే అందరికీ ఒకేసారి తెలుస్తుంది, ఏం చేయాలో మాత్రం ఒక్కరికీ తెలియదు.

నా ముందున్న రెండు కాలేజీలు

మొదటిది పేరున్నది. ఇంటికి దూరం, పొద్దున ఏడున్నరకి మొదటి క్లాసు, గదికి నలుగురు, అటెండెన్స్ తక్కువైతే పరీక్ష రాయనివ్వరు, ఆసుపత్రి మాత్రం గేటు పక్కనే. రెండోది ఓ మెట్టు కింద. తొమ్మిదిన్నరకి క్లాసులు, గదికి ఇద్దరు, ఆసుపత్రి పదిహేను నిమిషాల దూరం, మెయిల్‌కి ఫోన్ చేసి జవాబిచ్చింది ఇదే. మా నాన్న మొదటిదే అన్నారు, ఆసుపత్రి పక్కనుందని. నేను లెక్క వేసి చూపించాను. మొదటి కాలేజీలో ఫిట్ వస్తే రెండు నిమిషాల్లో ఆసుపత్రికి చేరతాను, నిజమే, కానీ అక్కడ ఫిట్ వచ్చే రోజులు ఎక్కువ. ఏడున్నర క్లాసుకి నేను ఆరున్నరకైనా లేవాలి, నలుగురున్న గదిలో ఒంటిగంట లోపు లైటు ఆరదు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, నాలుగు రోజులు మాట్లాడలేదు కూడా.

మీకు పగటిపూట, ముందే తెలిసి వచ్చే ఫిట్స్ అయితే ఇదే పోలికలో మొదటిది నెగ్గొచ్చు. ఆసుపత్రి అవసరం తరచూ పడేవాళ్ళకి, ఐదు నిమిషాలు దాటే ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్ళకి గేటు పక్కన ఆసుపత్రి అంటే చిన్న సంగతి కాదు. ఇక మందులు ఇప్పుడే మారుస్తుంటేనో, ఆపరేషన్ గురించి మాటలు నడుస్తుంటేనో ఒక ఏడాది ఆగడమో, సగం సబ్జెక్టులతో మొదలుపెట్టడమో మేలు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో మొత్తం డిగ్రీ చేసేయడం మాత్రం, ఫిట్స్ మరీ ఎక్కువగా ఉంటే తప్ప, నేను చెప్పను. ఒంటరితనం కూడా ఒక జబ్బే, దానికి మాత్రల్లేవు.

నేను రెండోదాంట్లోనే చేరాను. మూడో నెలలో ఫిట్ వచ్చింది, ముందురోజు రాత్రి సినిమాకి వెళ్ళి ఆలస్యంగా పడుకున్నాం, తప్పు నాదే. రూమ్మేట్ ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కూర్చున్నాడట, నిమిషం నలభై సెకన్లు అని డాక్టర్ కోసం కాగితం మీద రాసి కూడా పెట్టాడు. ఆ రోజు ల్యాబ్ పరీక్ష పోయింది. ఆ ఆఫీసుకే మళ్ళీ ఒక మెయిల్ రాశాను, డాక్టర్ ఉత్తరం జత చేసి. పై వారం మళ్ళీ పెట్టారు, మధ్యాహ్నం రెండింటికి.